మెదడు ద్రవ పారుదల, ఎంఆర్‌ఐ పాఠాలు – 3: ఆల్ప్స్ సూచిక లెక్కించడం

గత పాఠంలో డిఫ్యూజన్ స్కాన్‌ను (నీటి కదలికను దిశలవారీగా కొలిచే ఎంఆర్‌ఐ) టాప్‌అప్, ఎడ్డీ అనే సాఫ్ట్‌వేర్ పనిముట్లతో సరిచేసుకున్నాం. ఈ పాఠంలో దాని నుంచి ఆల్ప్స్ సూచికను, అంటే సిరల చుట్టూ ఉన్న సందుల వెంట నీటి కదలికను అంచనా వేసే నిష్పత్తిని లెక్కిద్దాం. ఇప్పుడు మీ దగ్గర మూడు ఫైళ్లు ఉండాలి: సరిచేసిన డిఫ్యూజన్ ఫైలు, బి-విలువల (ఒక్కో చిత్రం నీటి కదలికకు ఎంత సున్నితమో చెప్పే అంకెల) ఫైలు, ఎడ్డీ తిప్పి ఇచ్చిన బి-వెక్టర్ల (ఒక్కో చిత్రం కొలిచిన దిశల) ఫైలు. చాలామంది ఈ మూడోదాని బదులు స్కానర్ నుంచి వచ్చిన మొదటి వెక్టర్ల ఫైలునే వాడేస్తారు. తల కదిలితే దిశలు మారతాయి. ఈ పాఠమంతా దిశల మీదే ఆధారపడింది కాబట్టి ఆ అలవాటు మానుకోండి.

జపాన్‌లో తోషియాకి తావోకా బృందం 2017లో ఈ సూచికను ప్రతిపాదించింది. లాటరల్ వెంట్రికల్ (మెదడు లోపల ద్రవం నిండిన గది) పైభాగం ఎత్తులో, దాని పక్కనున్న వైట్ మ్యాటర్‌ను (నరాల తంతువులుండే భాగం) చూడండి. అక్కడి మెడ్యులరీ సిరలు కుడి–ఎడమ దిశలో (ఎక్స్) నడుస్తాయి. వాటి చుట్టూ ఉండే సన్నటి సందులదీ అదే దిశ. మెదడు పైపొరను కింది భాగాలతో కలిపే ప్రొజెక్షన్ తంతువులు కింది నుంచి పైకి (జెడ్), వాటికి బయటి పక్కన, మెదడు ఒకే పక్కలోని భాగాలను కలిపే అసోసియేషన్ తంతువులు ముందు–వెనకలుగా (వై) పోతాయి. అంటే రెండు చోట్లా ఎక్స్ దిశ తంతువులకు అడ్డం. ఆ దిశలో నీటి కదలిక, తంతువులకు అడ్డంగా ఉన్న రెండో దిశలో కంటే ఎంత ఎక్కువో చూస్తాం.

డీటీఐఫిట్ (డిఫ్యూజన్ ఫైలు నుంచి టెన్సర్‌ను లెక్కించే పనిముట్టు) నడిపేటప్పుడు టెన్సర్‌ను, అంటే ఒక్కో చోట నీటి కదలిక ఏ దిశలో ఎంతో చెప్పే అంకెల గుంపును కూడా భద్రపరచమని తప్పక చెప్పాలి. టెన్సర్ ఫైలులో ఆరు భాగాలు ఈ వరుసలో వస్తాయి: ఎక్స్‌ఎక్స్, ఎక్స్‌వై, ఎక్స్‌జెడ్, వైవై, వైజెడ్, జెడ్‌జెడ్. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి మనకు కావలసినవి 0, 3, 5, అంటే ఎక్స్, వై, జెడ్ దిశల్లో కదలికలైన ఎక్స్‌ఎక్స్, వైవై, జెడ్‌జెడ్. ఒకటి నుంచి లెక్కపెట్టి 1, 4, 6 ఇస్తే 6 దగ్గర ఖాళీ వస్తుంది, తప్పు తెలిసిపోతుంది. కానీ 0, 1, 2 తీసుకుంటే ఏవో అంకెలు వచ్చేస్తాయి, తప్పు బయటపడదు.

ఇప్పుడు రంగుల ఎఫ్‌ఏ పటం (నీటి కదలిక ఒకే దిశకు ఎంత మొగ్గుతుందో, అది ఏ దిశో చూపేది) తెరవండి. ఎరుపు ఎక్స్, ఆకుపచ్చ వై, నీలం జెడ్. వెంట్రికల్ పక్కనే నీలం పట్టీ, దాని బయట ఆకుపచ్చ పట్టీ కనిపిస్తాయి. ఒక్కోదాని నడిమధ్య 5 మి.మీ. వ్యాసం గల గోళం పెట్టండి. 2 మి.మీ. వోక్సెళ్లు (స్కాన్‌లోని చిన్న ఘనాలు) అయితే ఒక్కో గోళంలో పడేవి ఎనిమిది దాకా మాత్రమే, అందుకే ఒక్క వోక్సెల్ వెంట్రికల్‌లోకి జారినా ఫలితం చెడుతుంది. అక్కడి ద్రవంలో నీరు అన్ని దిశల్లోనూ ఒకేలా, సుమారు 3 యూనిట్లతో కదులుతుంది (యూనిట్ అంటే సెకనుకు చదరపు మి.మీ.లో వెయ్యోవంతు). అది కలిస్తే నిష్పత్తి 1 వైపు లాగబడుతుంది. వెంట్రికల్స్ ఉబ్బిన రోగుల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

లెక్క ఇది. రెండు గోళాల ఎక్స్‌ఎక్స్ విలువల సగటు పైన. ప్రొజెక్షన్‌లోని వైవై, అసోసియేషన్‌లోని జెడ్‌జెడ్‌ల సగటు కింద. అభ్యాసం కోసం వేసుకున్న అంకెలతో చూద్దాం: ప్రొజెక్షన్‌లో ఎక్స్‌ఎక్స్ 0.62, వైవై 0.45, జెడ్‌జెడ్ 1.10, అసోసియేషన్‌లో ఎక్స్‌ఎక్స్ 0.66, వైవై 1.15, జెడ్‌జెడ్ 0.43. పైన 0.64, కింద 0.44. సూచిక 1.45.

ఇక అసలు చిక్కు. ఇదే మెదడును 15 డిగ్రీలు తిప్పి మళ్లీ లెక్కకట్టండి. తిప్పిన కోణం సైన్ వర్గం 0.067, కొసైన్ వర్గం 0.933, కలిసిపోయే రెండు దిశల విలువలను ఈ పాళ్లలో కలపాలి. ముఖం పక్కకు తిరిగితే ఎక్స్, వై కలుస్తాయి, సూచిక 1.46. తల భుజం వైపు వాలితే ఎక్స్, జెడ్ కలుస్తాయి, 1.45. ఈ రెండింటిలోనూ పైనా కిందా దాదాపు ఒకే పాళ్లలో పెరిగాయి కనుక తేడా తెలియలేదు. గడ్డం పైకి లేస్తే మాత్రం వై, జెడ్ కలుస్తాయి. ప్రొజెక్షన్ వైవై 0.45 నుంచి 0.49కి, అసోసియేషన్ జెడ్‌జెడ్ 0.43 నుంచి 0.48కి పెరుగుతాయి, పైనున్నవి కదలవు. సూచిక 1.32కి పడిపోతుంది. ద్రవంలో ఏ మార్పూ లేదు, గడ్డం లేచిందంతే.

దీనికి రోగి తలే కదలనక్కర్లేదు. వెక్టర్లు స్లైస్ చట్రంలో ఉంటాయి కాబట్టి, ఒక టెక్నీషియన్ స్లైసులను నిటారుగా, మరొకరు ఏసీ–పీసీ గీత (మెదడు మధ్యలోని రెండు గుర్తులను కలిపే గీత) వెంట వాల్చి తీసినా ఇదే తేడా వస్తుంది. రెండు ఆసుపత్రుల స్కాన్‌లను ఒకే పట్టికలో పెట్టే ముందు ముందుగా ఇది అడగండి.

మందు ఇదీ: ఎఫ్‌ఏ పటాన్ని ప్రామాణిక మూసకు (సగటు మెదడు నమూనాకు) సరిపెట్టి, ఆ రూపాంతరాన్ని వెక్‌రెగ్ అనే పనిముట్టుతో టెన్సర్‌కు వర్తింపజేయాలి. మామూలు రీసాంప్లింగ్ వోక్సెల్ చోటు మారుస్తుంది గానీ లోపలి టెన్సర్‌ను తిప్పదు. వెక్‌రెగ్ రెండూ చేస్తుంది. మూసలో నడిరేఖ నుంచి సుమారు 26 మి.మీ. దూరంలో ప్రొజెక్షన్, 38 మి.మీ. దూరంలో అసోసియేషన్ గోళాలు పడతాయి. తర్వాత ప్రధాన దిశ వెక్టర్‌ను చూడండి: మొదటి గోళంలో జెడ్ భాగం, రెండోదానిలో వై భాగం 0.9 దాటాలి (సుమారు 26 డిగ్రీల లోపు వంపు). ప్లస్, మైనస్ గుర్తును పట్టించుకోకండి, పరిమాణం చాలు. దాటకపోతే మెదడులో ఆ పక్క (కుడి లేదా ఎడమ) విలువను వాడకండి.

ఫ్లెయిర్ చిత్రాన్ని (దెబ్బతిన్న చోట్లను తెల్లగా చూపే ఎంఆర్‌ఐ) పక్కన పెట్టుకోకుండా ఏ ఫలితమూ రాయకండి. గోళం తెల్లటి మచ్చ మీద పడితే తంతువులకు అడ్డంగా కదలిక అన్ని వైపులా పెరిగి నిష్పత్తి తగ్గుతుంది. అది తంతువుల దెబ్బ. పారుదల గురించి ఏమీ చెప్పదు. ఆరోగ్యకరమైన చోట కూడా వోక్సెల్‌లో సిరల చుట్టూ ఉన్న సందుల వాటా చాలా చిన్నది. అందుకే నివేదికలో ‘ద్రవ ప్రవాహం తగ్గింది’ అని కాక ‘ఆల్ప్స్ సూచిక తక్కువగా ఉంది’ అని రాసి, కిందనే నాలుగు మూల విలువలూ విడిగా ఇవ్వండి. సూచిక ఎందుకు మారిందో చదివేవాళ్లు అప్పుడే తేల్చుకోగలుగుతారు.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సిన పని: పైన ఇచ్చిన ఆరు విలువలతో గడ్డాన్ని 5, 10 డిగ్రీలు లేపి సూచిక లెక్కకట్టండి. తర్వాత మీ సొంత స్కాన్‌లో వెక్‌రెగ్‌కు ముందూ తర్వాతా వచ్చిన నాలుగు విలువలను పక్కపక్కన రాసుకోండి. నాలుగో పాఠంలో ఆ పట్టికనే తీసుకుని కుడి, ఎడమ పక్కల తేడాను పరిశీలిద్దాం.