వందల ఏళ్లు బతికే మనిషి మీద నవల రాయడం ఎలా

ఈ రకం నవలలు ఎక్కువగా ఒకేలా దెబ్బతింటాయి. మొదటి వంద పేజీల్లో యుద్ధాలు, రాజులు, రేవు పట్టణాలు వరసగా వచ్చిపోతాయి, మనిషి మాత్రం ఎక్కడా కనపడడు. చివర్లో ఏ కొండ మీదో నిలబడి బతుకు ఎంత అందమైనదో అంటాడు. పాఠకుడు నమ్మడు. అంతకుముందు అతనికి బతుకు మీద విసుగు ఏ రోజు పుట్టిందో, ఎవరి వల్ల పుట్టిందో రచయిత చూపించలేదు మరి. అందుకే చరిత్ర పుస్తకాలు తెరవకముందే, అతను పోగొట్టుకున్నవాళ్ల చిట్టా రాసుకోండి. నలుగురు చాలు. పది మందిని చంపితే పాఠకుడు ఎవరి కోసమూ ఏడవడు.

ఆ చిట్టా పుట్టాలంటే ఆయుష్షు లెక్క గట్టిగా ఉండాలి. ఒక ఉదాహరణ చూడండి. మీ కథానాయకుడు 1680లో పుట్టాడు, 20 ఏళ్లదాకా అందరిలాగే పెరిగాడు, అక్కణ్నుంచి పదేళ్లకి ఒక్క ఏడు చొప్పున ముదురుతున్నాడు. 1700లో 20, 2020లో 52. ఇప్పుడు 1730లో అతనికి కూతురు పుట్టిందనుకోండి. అప్పటికి అతని ఒంటి వయసు 23. లెక్కేస్తే 1756లో ఆమెకి 26 నిండుతాయి, అతనికి ఇంకా నిండవు. కూతురు తండ్రిని వయసులో దాటిపోయే ఏడాది అది. ఇరుగుపొరుగు వాళ్లని అన్నాచెల్లెళ్లనుకోవడం, ఆ తర్వాత అక్కాతమ్ముళ్లనుకోవడం, ఒకరోజు ఆమే తండ్రిని ఊరు విడిచి వెళ్లమనడం... నవలకి కావలసిన దుఃఖం ఆ ఒక్క కూడికలోంచే వస్తుంది. ప్రతి ముఖ్యపాత్రకీ పుట్టిన ఏడు, పోయిన ఏడు, ఆ రోజున నాయకుడి ఒంటి వయసు ఒకే కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి.

అతనికి చావే లేకుండా మాత్రం చేయకండి. కత్తి దిగితే, జ్వరం ముదిరితే పోవాలి. రేపు పోవచ్చు అనే భయం లేనివాడికి ఈరోజు మీద ప్రేమ ఎలా కలుగుతుంది? ఇప్పటిదాకా రుజువులతో నిలబడిన అత్యధిక మానవ ఆయుష్షు 122 ఏళ్లు (1875లో పుట్టి 1997లో పోయిన ఝాన్ కల్మా అనే ఫ్రెంచి మహిళది). అది దాటాక అంతా మీ కల్పనే కాబట్టి, మొదటి 20 పేజీల్లోపే నియమం చెప్పేసి చివరిదాకా దానికి కట్టుబడండి. మధ్యలో కొత్త శక్తి తగిలిస్తే కథ చెయ్యిజారిపోతుంది.

విసుగు ఏ రకమో కూడా ముందే తేల్చుకోవాలి. మనకి మహాభారతంలోనే రెండు నమూనాలున్నాయి. యయాతి కొడుకు పూరుడి యవ్వనం తీసుకుని వెయ్యేళ్లు భోగాలు అనుభవించి, నెయ్యి పోసేకొద్దీ మంట పెరిగినట్టు కోరిక పెరుగుతుందే తప్ప చల్లారదని తెలుసుకుంటాడు. అశ్వత్థామది వేరే బాధ. మూడు వేల ఏళ్లు తోడూ మాటా లేకుండా తిరగమని శాపం. ఒకరిది తనివి తీరకపోవడం, ఒకరిది ఒంటరితనం. రెండూ ఒకే పాత్రకి ఎక్కిస్తే ముగింపు ఏ గాయానికి మందో తెలియకుండా పోతుంది. ఒకటే ఎంచుకోండి. కూతురి కథ పెట్టుకుంటే మీది అశ్వత్థామ దారి.

అరవై డెబ్బై వేల మాటల నవలలో గతానికి ఐదు కాలాలకి మించి ఇవ్వొద్దు. ఒక్కోదానికి ఐదారు వేల మాటలు, మిగిలింది వర్తమానానికి. మధ్యలో ఎనభై ఏళ్లు ఖాళీగా వదిలేసినా ఎవరూ అడగరు.

కాలం లెక్కల్లో తప్పులు ఉపమానాల్లో దాక్కుంటాయి. 1750 నాటి మనిషికి బుర్రలో బల్బు వెలగదు, జ్ఞాపకాలు ఫోటోల్లా మెదలవు, రోజులు రైలు పెట్టెల్లా సాగవు. ఆవిరి బండ్లతో మొదటి ప్రజా రైలుమార్గం 1825లో, ఫోటో అందరికీ తెలిసింది 1839లో, ఎడిసన్ దీపం 1879లో. అగ్గిపుల్ల కూడా 1820ల చివరిదే. రాతప్రతి పూర్తయ్యాక 'లాగా', 'లా' ఉన్న ప్రతి వాక్యాన్నీ వెతికి ఆ కాలంతో సరిచూడండి. తేదీలూ అంతే. పాత జూలియన్ క్యాలెండర్ వదిలి ఇప్పటి గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారినప్పుడు, బ్రిటన్‌లో 1752 సెప్టెంబర్ 2 మర్నాడు 14 అయింది. ఇటలీ, స్పెయిన్‌లలో ఆ మార్పు 1582లోనే వచ్చింది. దాక్కోవడం కూడా కాలంతోపాటు కష్టమవుతుంది. ఒకప్పుడు నాలుగు రోజుల ప్రయాణం చేస్తే కొత్త మనిషి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంనుంచి పాస్‌పోర్టు మీద ఫోటో రావడం మొదలయ్యాక అది కుదరదు.

విసుగుని మాటల్లో చెప్పించకండి. అతని ఇంట్లో ఒకే గ్లాసు ఉంటుంది. పక్కింటివాళ్ల పేర్లు అడగడు. మొక్క నాటడు.

ఇక మలుపు. ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి, ఎందుకంటే బతుకు మీద ప్రేమ ఉపన్యాసంతో రాదు, చేతి పనిలోంచి వస్తుంది. మూడు వందల ఏళ్లలో మారని పని ఒకటి వెతకండి. సూదిలో దారం ఎక్కించడం తీసుకుందాం. మొదటిసారి, చిన్నప్పుడు కూతురు దారం కొసని నోట్లో తడిపి, ఒంటి కన్ను మూసి, మూడోసారికి ఎక్కించి తండ్రికి అందిస్తుంది. ఆరేడు వాక్యాలు చాలు, దుఃఖం ఊసే వద్దు. రెండోసారి, వందేళ్ల తర్వాత, చొక్కా బొత్తాం ఊడితే అతను ఆ చొక్కానే పారేస్తాడు. కారణం చెప్పకండి. మూడోసారి, ఇప్పుడు, పక్కింటి పిల్ల ఊడిన బొత్తాం పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. అతను సూది వెతుకుతాడు. దారం కొస విడిపోయి ఉంటుంది. తడుపుతాడు, కన్ను మూస్తాడు, తప్పుతుంది, మళ్లీ తప్పుతుంది. కూతురి మొహం ఎప్పుడో మరిచిపోయాడు, చేతికి మాత్రం గుర్తుంది. ఎక్కాక, "నీ పేరేంటమ్మా?" అంటాడు. అంతవరకు ఎవరి పేరూ అడగనివాడు.

ఉత్తమ పురుషలో రాస్తే ఈ ఘట్టానికి బలం, కానీ అతను అన్నీ గుర్తున్నట్టు మాట్లాడే ప్రమాదం ఉంది. మధ్య మధ్య తప్పుగా గుర్తుంచుకోనివ్వండి. ఒకచోట కూతురి కళ్లు నల్లవంటాడు, మరోచోట తేనెరంగంటాడు.

చివరి అధ్యాయం చిత్తుప్రతిలో జీవితం, కాలం, అనంతం అన్న మాటలున్న వాక్యాలన్నీ కొట్టేసి మళ్లీ చదవండి. ఘట్టం కూలిపోతే అక్కడ కొత్త వాక్యాలు అతికించకండి. లోపం 1756లో ఉంది. వెనక్కి వెళ్లి కూతురి అధ్యాయాన్ని మళ్లీ రాయండి.