లాంజింగ్‌లో గుర్రం మాట వినడం లేదా? లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోండి

గుర్రాన్ని పొడవాటి తాడు మీద మన చుట్టూ గుండ్రంగా తిప్పడమే లాంజింగ్. అలా తిప్పేటప్పుడు గుర్రం మొండికేస్తే చాలామంది కొరడా ఝళిపిస్తారు. అంతకంటే ముందు మూడు సంగతులు గమనించండి: ఎటు తిరిగేటప్పుడు చేస్తోంది, వలయంలో ఏ చోట చేస్తోంది, ఎప్పటినుంచి చేస్తోంది. ఎప్పుడూ ఒకే వైపు తిరిగేటప్పుడైతే నొప్పి ఉందేమో చూడాలి. ఎప్పుడూ ఒకే చోటైతే అటువైపు గేటో, లాయమో, తోటి గుర్రాలో ఉండి ఉంటాయి. ఎటు తిప్పినా, ఎక్కడపడితే అక్కడ చేస్తుంటే మాత్రం ఎక్కువసార్లు తప్పు మనం నిలబడే తీరులోనే ఉంటుంది.

తాడు 7-8 మీటర్లు ఉండాలి. వలయం అడ్డకొలత 15 మీటర్లకు తగ్గితే లోపలి కాళ్ళ కీళ్ళ మీద భారం పడుతుంది. తాడు చాలకపోతే మీరూ లోపల చిన్న వలయంలో నడవండి. గ్లౌజులు, హెల్మెట్ తప్పనిసరి. మిగిలిన తాడును మడతలుగా పట్టుకోండి గానీ చేతికి చుట్టుకోవద్దు. గుర్రం ఒక్క ఉదుటున లాగితే వేళ్ళు పోతాయి.

లోపలికి వచ్చేస్తోంది, లేదా ఆగి మీ వైపు తిరుగుతోంది

మీరు దాని భుజం కంటే ముందుకు వెళ్ళిపోయి ఉంటారు. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి మీరు ఒక్క అడుగు అటూ ఇటూ అయినా దానికి తెలిసిపోతుంది. భుజానికి ముందు నిలబడితే ఆగమన్నట్టు, వెనక భాగం వైపు నిలబడితే కదలమన్నట్టు.

లోపలికి వస్తుంటే భయపడి వెనక్కి తగ్గకండి. మీరు తగ్గేకొద్దీ అది ఇంకా వస్తుంది. కొరడా కొనను దాని భుజానికి గురిపెట్టి, మీరు దాని తుంటి వైపు ఒక అడుగు వేయండి. ఇంకో కారణం బెల్లం ముక్క. ఆగగానే మధ్యలోకి పిలిచి తినిపించే అలవాటుంటే, అది బెల్లం కోసమే వస్తోంది. ఇవ్వాలనుకుంటే వలయం మీదే ఆపి, మీరే దాని దగ్గరకు వెళ్ళి ఇవ్వండి.

బయటికి లాగుతోంది, తాడు లాక్కుని పారిపోతోంది

అన్నిటిలోకీ టెన్షన్ పెట్టేది ఇదే. అయితే పారిపోయే ముందు గుర్రం చెప్పే పారిపోతుంది. అప్పటిదాకా మీ వైపు ఉన్న లోపలి చెవి బయటికి తిరుగుతుంది, మెడ బిగుస్తుంది, ముక్కు వలయం బయటికి పోతుంది, ఆ వెంటనే బయటి భుజం జారుతుంది. మీరు పని చేయాల్సింది చెవి తిరిగిన క్షణంలోనే. భుజం జారాక 400-500 కిలోల జంతువును చేతులతో ఆపడం ఎవరి వల్లా కాదు.

తాడును అదేపనిగా గుంజి పట్టుకోవద్దు. మీరు గుంజితే అదీ గుంజుతుంది. ముఖ్యంగా మలక్‌పేట రేసుకోర్సు లాంటి చోట్ల పరిగెత్తి రిటైరై రైడింగ్ స్కూళ్ళకు చేరిన థరోబ్రెడ్‌లకు (రేసు జాతి గుర్రాలకు) పగ్గం బిగిస్తే దాని మీద వాలి పరిగెత్తడం అలవాటు. కొంచెం లాగండి, వదలండి, మళ్ళీ లాగండి. ముక్కు లోపలికి తిరిగిన వెంటనే చెయ్యి మెత్తబడాలి. తాడును కళ్ళెం ఇనుముకు కాకుండా ముక్కు పట్టీకి రింగు ఉండే కావెసన్‌కు కట్టండి, నోటికి గాయం కాదు. గేటు దగ్గరే లాగుతుంటే అక్కడికి చేరకముందే ట్రాట్ (నడకకంటే వేగమైన దుడుకు నడక) నుంచి మామూలు నడకకు దించి, గేటు దాటాక మళ్ళీ ట్రాట్‌కు పంపండి. కొన్నాళ్ళు కంచె వేసిన గుండ్రటి ఆవరణలోనే చేయించడం మేలు.

ఉన్నట్టుండి వెనక్కి తిరిగి దిశ మార్చేస్తోంది

రెండు వైపులా చేస్తే మీరు దాని భుజం కంటే ముందుకు పోతున్నారని అర్థం. ఒక వైపే చేస్తే ట్రాట్‌లో తల చూడండి. ముందుకాలు నొప్పి ఉంటే ఆ కాలు నేలకు ఆనినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు ఆనినప్పుడు కిందికి దిగుతుంది. డెక్క వేడిగా ఉందేమో తాకి చూడండి, నాడా కింద రాయి ఇరుక్కుందేమో చూడండి. కుంటు కనిపిస్తే ఆ రోజుకు పని ఆపేసి వెటర్నరీ డాక్టరును పిలవాలి.

ఎగిరెగిరి తన్నుతోంది, పిచ్చిగా పరిగెడుతోంది

రోజంతా లాయంలో కట్టేసి, ఉలవలూ ఓట్సూ దండిగా పెట్టి, పొద్దున్నే తాడు కడితే ఇంకేం చేస్తుంది? సెలవు రోజున దాణా తగ్గించి గడ్డి పెంచండి. పని లేకుండా నిండు దాణా తిన్న గుర్రానికి మర్నాడు కండరాలు బిగుసుకుపోయే జబ్బు కూడా రావచ్చు. ముందు కాసేపు చేత్తో పట్టుకుని నడిపించి, తర్వాత తిప్పండి. జీను వేసినప్పుడే ఎగురుతుంటే పొట్ట పట్టీ బిగుతు, వీపు మీద పుండ్లు చూడాలి.

కదలనంటోంది

ఎండ ఎక్కువైతే తెల్లవారుజామునే ముగించండి. 15-20 నిమిషాలు చాలు, మధ్యమధ్యలో దిశ మార్చాలి. ఊరికే కొరడా ఆడిస్తూ ఉంటే దానికి అది గాలితో సమానం. నోటితో ఒకసారి చెప్పండి. వినకపోతే అప్పుడే కొరడా ఎత్తండి, కదలగానే దించేయండి.

చెవులు వెనక్కి వాల్చి మీదికి వస్తోంది

దీన్ని ఒంటరిగా సరిచేయాలని చూడవద్దు. కొరడా కొనను దాని భుజం వైపు చాపి, దాని ముందు నుంచి పక్కకు తప్పుకుని, కంచె దాటండి. పళ్ళు, వీపు, కడుపులో పుండ్లు పరీక్ష చేయించేదాకా తాడు కట్టవద్దు. ఏమీ లేదని తేలితే అనుభవమున్న ట్రైనర్‌కు అప్పగించండి, ఈలోగా పిల్లల్నీ కొత్తవాళ్ళనీ దాని దగ్గరకు పంపకండి.