నియో4జెలో వంశవృక్షం: ఒకే మనిషి రెండుసార్లు ఎందుకొస్తున్నారు?

నియో4జె అంటే మనుషుల్లాంటివాటిని నోడ్‌లుగా (బిందువులుగా), వాటి మధ్య సంబంధాల్ని బాణాలుగా దాచే గ్రాఫ్ డేటాబేస్. అందులో మా వంశవృక్షం ఎక్కించాను. నా మోడల్ చిన్నది. ప్రతి మనిషీ ఒక నోడ్. తల్లి నుంచీ తండ్రి నుంచీ బిడ్డ వైపుకు 'పేరెంట్ ఆఫ్' అనే బాణం. సైఫర్ (నియో4జెను అడిగే భాష) క్వెరీలు రాయడం మొదలుపెట్టాకే చిక్కులొచ్చాయి.

సమస్య: ఎర్రర్ లేదు, ఫలితమూ లేదు

బాణం తిరగబడి ఉంటుంది. బిడ్డ నుంచి తల్లి వైపుకు రాసినా సైఫర్ తప్పనదు, ఖాళీగా తిప్పి పంపుతుంది. దిశ సరిగ్గానే ఉంటే రిలేషన్‌షిప్ (బాణం) పేరులో క్యాపిటల్, స్మాల్ అక్షరాలు చూడండి. విసుగొచ్చి బాణం మొన తీసేయకండి, తల్లిదండ్రులూ పిల్లలూ కలగాపులగంగా వస్తారు.

సమస్య: పూర్వీకుల జాబితాలో ఒకరే రెండుసార్లు

డేటా రెండుసార్లు ఎక్కించానేమోనని ఓ సాయంత్రమంతా వెతికాను. ముందు ఎలిమెంట్ ఐడీ (ప్రతి నోడ్‌కూ నియో4జె ఇచ్చే గుర్తింపు) చూసి ఉంటే అంత శ్రమ ఉండేది కాదు. ఐడీలు వేరైతే నిజంగానే రెండు నోడ్‌లున్నట్టు. ఇద్దరు మనుషుల్నీ బాణాన్నీ కలిపి ఒకే మెర్జ్‌లో (ఉంటే వాడుకో, లేకపోతే పుట్టించు అనే ఆదేశంలో) రాస్తే ఇలా జరుగుతుంది: మొత్తం ప్యాటర్న్ దొరక్కపోతే అన్నిటినీ కొత్తగా పుట్టిస్తుంది. మనుషుల్ని విడివిడిగా మెర్జ్ చేసి, తర్వాత బాణాన్ని మెర్జ్ చేయాలి.

నాకు ఐడీ ఒకటే వచ్చింది. కారణం మా ఇంటి మేనరికాలు! బాణంలో నక్షత్రం గుర్తు (ఎన్ని మెట్లయినా సరే అని) పెట్టి పై తరాలకు వెళ్లమంటే సైఫర్ దొరికిన ప్రతి దారికీ ఫలితంలో ఒక వరుస (రో) ఇస్తుంది. మేనమామ కూతుర్ని చేసుకున్నవాళ్ల బిడ్డకు మూడో తరం పైకి దారులు 8, మనుషులు 6.

ఒకేలాంటి వరుసల్ని ఒకటిగా కలిపే డిస్టింక్ట్ పెడితే సరిపోతుంది, తరం సంఖ్య అడగనంతవరకే. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో నాయనమ్మే అమ్మమ్మకు అమ్మ కూడా. ఆవిడ 2వ తరంలోనూ 3వ తరంలోనూ వస్తుంది, రెండు వరుసలూ వేరువేరే కాబట్టి డిస్టింక్ట్ కలపదు. మనిషికొకసారి దారి పొడవులో మిన్ (అతి చిన్నది) తీసుకోండి. ఎన్ని తరాలో పై హద్దు కూడా పెట్టండి, లేకపోతే పెద్ద గ్రాఫ్‌లో క్వెరీ తేలదు.

సమస్య: తోబుట్టువుల్లో తన పేరే

తల్లిదండ్రుల దాకా పైకి ఒక మ్యాచ్ (వెతికే ఆదేశం), వాళ్ల పిల్లల దాకా కిందికి ఇంకో మ్యాచ్ రాసి ఉంటారు. ఒకే మ్యాచ్‌లో అయితే వచ్చిన బాణం మీదుగా మళ్లీ దిగదు. అమ్మ వైపు నుంచి ఒకసారి, నాన్న వైపు నుంచి ఒకసారి వచ్చే చెల్లెలికి మాత్రం డిస్టింక్ట్ కావాలి.

సమస్య: పిల్లలు లేనివాళ్లు మాయం

ఆప్షనల్ మ్యాచ్ (పిల్లలు దొరక్కపోయినా మనిషి వరుసను ఉంచేది) వాడండి. పిల్లల మీద షరతు ఉంటే ఆ వేర్ (షరతు పెట్టే మాట) వెంటనే దాని కిందే రాయాలి. మధ్యలో విత్ (ఫలితాన్ని తర్వాతి దశకు పంపే మాట) పెట్టి తర్వాత వడకడితే, నల్ (ఖాళీ విలువ) ఉన్న ఆ వరుసలు మళ్లీ ఎగిరిపోతాయి.