సోనిక్ 2లో దాగిన డీబగ్ మోడ్‌ను తెరిచే పద్ధతి

అనంతపురంలో గేమ్‌ల తయారీ నేర్చుకుంటున్న విద్యార్థులు, ఒక ఆటను దాని రూపకర్తలు లోపలినుంచి ఎలా పరీక్షించేవారో కళ్లారా చూడాలనుకుంటే, 1992లో సెగా మెగా డ్రైవ్ అనే గేమ్ కన్సోల్‌కు వచ్చిన సోనిక్ 2తో మొదలుపెట్టడం మేలు. ఆటను పరీక్షించడానికి రూపకర్తలు వాడే డీబగ్ మోడ్ అందులో దాగి ఉంది.

ముందుగా ఆప్షన్స్‌లో, ఆట శబ్దాలను సంఖ్యలవారీగా వినిపించే సౌండ్ టెస్ట్‌లో 19, 65, 09, 17 సంఖ్యలను వరుసగా మోగించాలి. రింగ్ దొరికినప్పటి శబ్దం వినిపించగానే స్టార్ట్ నొక్కి టైటిల్ తెరకు వచ్చి, ‘ఎ’ బటన్‌ను అదిమిపట్టి మళ్లీ స్టార్ట్ నొక్కితే దశల జాబితా తెరుచుకుంటుంది. అక్కడి సౌండ్ టెస్ట్‌లో 01, 09, 09, 02, 01, 01, 02, 04 మోగించాలి. ఇవి ఆట అమెరికాలో విడుదలైన 1992 నవంబరు 24వ తేదీ అంకెలు కాబట్టి సులువుగా గుర్తుంటాయి. తరువాత ఒక దశను ఎంచుకుని, ‘ఎ’ను అదిమిపట్టి స్టార్ట్ నొక్కి, ఆట మొదలయ్యేదాకా ‘ఎ’ను వదలకూడదు.

స్కోరు ఉండవలసిన చోట హెక్సాడెసిమల్ (0–9, A–Fలతో రాసే పదహారు ఆధారిత) అంకెలు కనిపిస్తే పని అయినట్టే. అవి దశలో సోనిక్, కెమెరా ఉన్న స్థానాలను తెలుపుతాయి. ‘బి’ నొక్కగానే సోనిక్ రింగ్‌గా మారతాడు, ‘ఎ’ నొక్కిన కొద్దీ వస్తువు మారుతుంది, ‘సి’తో అది ఉన్నచోటే నిలుస్తుంది.

తుది ఆటలో చోటు దక్కని హిడెన్ ప్యాలెస్ అనే దశ తాలూకు డేటా కొంత కార్ట్రిడ్జ్‌లోనే మిగిలిపోయింది. 2013 నాటి మొబైల్ రూపంలో ఆ దశను పూర్తిచేసి చేర్చారు. సౌండ్ టెస్ట్‌లో 10వ సంఖ్య దగ్గర, ఆటలో మరెక్కడా వాడని ఒక బాణీ కూడా ఉంది. దానిని తప్పక వినండి.