నేటి జపానులో కామరూపుల కథ రాయడం ఎలా?

జపాను జానపద కథల్లో నక్కలు, తనుకిలు (కుక్క జాతికి చెందిన చిన్న అడవి జంతువులు), పిల్లులు, నీటికుక్కలు మనిషి రూపం ధరించి మనుషుల మధ్య సంసారాలు చేస్తాయి, అప్పులిస్తాయి, దారిన పోయేవారిని ఆటపట్టిస్తాయి. ఆ కామరూపులను నేటి టోక్యోకో ఒసాకాకో తీసుకువచ్చి కథ రాయాలనుకునేవారు తరచుగా వాటి శక్తుల జాబితాతో పని మొదలుపెడతారు. అది సరైన దారి కాదని నా నమ్మకం. ఆ జీవులు ఏమి చేయగలవో చెప్పినంత శ్రద్ధగానే అవి ఎక్కడ తడబడతాయో, ఎవరి కంట పడతాయో, బయటపడ్డాక ఏమవుతాయో కూడా జానపదులు చెప్పుకున్నారు. రహస్యంగా బతికేవారి కథకు కావలసిన సరుకంతా ఆ రెండో భాగంలోనే ఉంది. మారీచుడు బంగారు లేడి అయిన కథ వింటూ పెరిగిన మనం ఇంకొక తేడాను కూడా మొదటే గుర్తుంచుకోవాలి. అక్కడ రాక్షసుడు జంతువు వేషం వేశాడు; ఇక్కడ అసలు రూపం జంతువుదే, వేషం మనిషిది. చాలా కథల్లో ఆ విద్య వయసు మీరిన జంతువుకే అబ్బుతుంది.

మొదట జీవిని ఎంచుకోండి, దానితోపాటే ఊరిని కూడా ఎంచుకోండి, ఎందుకంటే ఈ రెండూ విడివిడిగా తేల్చుకోగలిగినవి కావు. నక్కకు ఏడు వేషాలు, తనుకికి ఎనిమిది అని జపానులో ఒక నానుడి ఉంది. నక్క ఒక పని సాధించుకోవడానికో, ఒక మనిషి మీద మనసుపడో రూపం మారుస్తుందని, తనుకి మాత్రం మారడంలోని సరదా కోసమే మారుతుందని చెప్పుకుంటారు. సాదో దీవిలో నక్కలు లేవు. దంజాబురో అనే తనుకి వాటిని దీవిలో అడుగుపెట్టనివ్వలేదని స్థానికుల కథ. అవసరంలో ఉన్నవారికి డబ్బు అప్పుగా ఇచ్చేదని పేరున్నది కూడా ఆ దంజాబురోకే. షికోకు దీవి కథలు కూడా ప్రధానంగా తనుకిలవే. కాబట్టి మీ కథానాయిక నక్క అయి, సాదోకు వెళ్లే పడవ ఎక్కితే, అది మామూలు ప్రయాణంలా ఒక వాక్యంలో గడిచిపోకూడదు.

నీటికుక్కను ఎక్కువమంది పట్టించుకోరు గానీ, నేటి కథకు దానంత బలమైన పాత్ర మరొకటి లేదనిపిస్తుంది. జపాను నీటికుక్క చివరిసారి నిర్ధారణగా కనిపించింది 1979లో, కోచి ప్రాంతంలోని సుసాకిలో. 2012లో పర్యావరణ మంత్రిత్వ శాఖ అది అంతరించిపోయిందని ప్రకటించింది. ప్రభుత్వం లేదని రాసిపెట్టిన జీవి ఒక అద్దె గదిలో మనిషిగా బతుకుతూ ఉంటే, దాగి ఉండడానికి దానికున్న కారణం మీరు కల్పించనక్కరలేదు. ఇషికావా వైపు కథల్లో మనిషి రూపంలో ఉన్న నీటికుక్కను ఎవరు నువ్వని అడిగితే మాట కుదరక పొంతన లేని జవాబు చెప్పి దొరికిపోతుంది. తలుపు దగ్గర ఇంటర్‌కమ్‌లో అదే ప్రశ్న రోజూ వినిపించే అపార్ట్‌మెంట్‌లో దాన్ని ఉంచి చూడండి.

ఊరిని వర్ణించేటప్పుడు ఎర్రని తోరణాలు, పొగమంచు, వెన్నెల వంటి అరిగిపోయిన సామగ్రికి బదులు ఆ చోటికే చెందిన కథను వెతకండి. ఒక ఉదాహరణ కొంచెం వివరంగా చెబుతాను. యోకొహామాలోని తొత్సుకా దగ్గర ఒక సోయా సాస్ దుకాణదారు ఇంట్లో రాత్రుళ్లు చేతిగుడ్డలు మాయమవుతూ ఉండేవట. ఎవరో దొంగిలిస్తున్నారని అతను అనుమానించాడు. ఒక రాత్రి పని ముగించుకుని ఇంటికి వస్తుండగా, ఎత్తుమీద కొన్ని పిల్లులు తలలకు గుడ్డలు చుట్టుకుని నాట్యం చేస్తూ కనిపించాయి. వాటిలో అతని పెంపుడు పిల్లి కూడా ఉంది. ఆ పూట వేడి జావ తిని నాలుక కాల్చుకున్నానని, అందుకే సరిగా ఆడలేకపోతున్నానని అది తోటి పిల్లులతో వాపోతోంది. ఆ చోట ఇప్పుడు ఒదోరిబా అనే సబ్‌వే స్టేషన్ ఉంది. కాలిన నాలుక గురించిన ఆ ఒక్క మాట ఆ పిల్లిని మన కళ్ల ముందు నిలబెడుతుంది, దాని శక్తుల గురించి ఒక పేజీ రాసినా ఆ పని జరగదు. మీ కథలోని ప్రతి కామరూపికీ అంత చిన్న, అంత దేహసంబంధమైన ఇబ్బంది ఒకటి ఉండాలి.

జంతువు అలవాట్ల కోసం జానపద కథలతో ఆగిపోకుండా జీవశాస్త్రం కూడా చదవండి. తనుకిలు ఇప్పటికీ టోక్యో నగరం నడిబొడ్డున, చక్రవర్తి నివాస ప్రాంగణంలోనే ఉన్నాయి; అవి ఏమి తింటాయో అప్పటి చక్రవర్తి అకిహితో స్వయంగా ఇతర పరిశోధకులతో కలిసి అధ్యయనం చేసి 2008లోనూ 2016లోనూ పరిశోధన పత్రాలు ప్రచురించారు. తనుకిలు తిరిగి తిరిగి ఒకే చోట మలవిసర్జన చేస్తాయి కాబట్టి ఆ మలాన్ని సేకరించి, అందులోని గింజలను బట్టి ఏ కాలంలో ఏ పండ్లు తిన్నాయో గుర్తించారు. మనిషి వేషంలో ఉన్న తనుకి కూడా రోజూ ఒకే బెంచీ మీద కూర్చోవాలని, ఏ కాలంలో ఏ చెట్టు కాస్తుందో ఆ వీధికే వెళ్లాలని తహతహలాడుతుందని రాస్తే పాఠకుడు వెంటనే నమ్ముతాడు.

ఇక అందరూ తేలికగా దాటేసే విషయం కాగితాలు. నేటి జపానులో మనిషిగా ఉండడమంటే కొసెకి అనే కుటుంబ నమోదులో పేరు ఉండడం. దేశవ్యాప్తంగా ఈ నమోదు 1872లో మొదలైంది. దీనికి తోడు నివాస ధ్రువపత్రం కావాలి; 2015 నుంచి ప్రతి నివాసికీ 12 అంకెల మై నంబర్ కూడా ఉంది. వందేళ్లుగా వయసు పెరగని నక్కకు ఇది, వేషాన్ని పసిగట్టే కుక్క కంటే పెద్ద గండం. దొంగ పత్రాలు సృష్టించిందని ఒక్క వాక్యంలో తేల్చేయకండి, ఎందుకంటే వాస్తవంలో ఇంతకంటే గాఢమైన దారి ఒకటి ఉంది. కొసెకిలో పేరు లేని మనుషులు జపానులో నిజంగానే ఉన్నారు. విడాకులైన 300 రోజుల లోపు పుట్టిన బిడ్డను చట్టం మాజీ భర్త సంతానంగా లెక్కగట్టేది. దాన్ని తప్పించుకోవడానికి కొందరు తల్లులు జననాన్ని నమోదు చేయించలేదు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటే బిడ్డను కొత్త భర్త సంతానంగా పరిగణించేలా 2024 ఏప్రిల్ నుంచి ఆ నియమం మారింది. పేరు లేనివారు కుటుంబ న్యాయస్థానం అనుమతితో కొసెకిలో కొత్తగా చేరవచ్చు. నీ తల్లిదండ్రులెవరు, ఎక్కడ పుట్టావు అని న్యాయస్థానం అడుగుతుంటే మనిషి రూపంలోని నక్క ఏమి చెబుతుందన్న సన్నివేశం ఒక్కటే మొత్తం కథను మోయగలదు. అయితే ఆ స్థితిలో నిజంగా ఉన్నవారి బాధను వింత కోసం వాడుకోకుండా, ఆ వరుసలో వారి పక్కన మీ పాత్రను గౌరవంగా నిలబెట్టండి.

నివాసం విషయం సులువే. 2023 గణన ప్రకారం దేశంలో దాదాపు 90 లక్షల ఇళ్లు, అంటే మొత్తం ఇళ్లలో 13.8 శాతం, ఖాళీగా ఉన్నాయి. డబ్బు అంత సులువు కాదు. తనుకి ఇచ్చిన నాణేలు తెల్లవారేసరికి ఆకులవుతాయన్నది పాత సంగతి. 2024 జూలై 3న విడుదలైన కొత్త పదివేల యెన్ల నోటులో మాత్రం, నోటును అటూ ఇటూ వాల్చి చూస్తే హోలోగ్రామ్‌లోని షిబుసావా ఎయిచి అనే పారిశ్రామికవేత్త ముఖం పక్కకు తిరుగుతుంది. ఆకును అలాంటి నోటుగా మార్చడం నేర్చుకోవాలంటే ముసలి తనుకికి కూడా చాలా సాధన కావాలి.

కొత్త యంత్రాలు వచ్చాక ఈ జీవులకు చోటు లేదని అనుకోవలసిన పని లేదు. 1872లో రైలు వచ్చిన తరువాత జానపదులు కొత్త కథలు చెప్పుకున్నారు: రాత్రివేళ ఎదురుగా మరో రైలు కూత వినిపిస్తుంది, డ్రైవర్ భయపడి బండి ఆపుతాడు, ఎదుట ఏమీ ఉండదు, ఒక రాత్రి అతను తెగించి ఆపకుండా పోనిస్తే, మర్నాడు పట్టాల పక్కన తనుకి చచ్చిపడి ఉంటుంది. టోక్యోలోని కమెఅరిలో, కెన్‌షోజి ఆలయ ప్రాంగణంలో ఇటువంటి జీవికి గుర్తుగా ఒక దిబ్బ ఇప్పటికీ ఉంది. ఆ కథలు చెప్పినవారు రైలుకు భయపడిన తనుకిని ఊహించలేదు, రైలుగా మారాలని ముచ్చటపడిన తనుకిని ఊహించారు. మీరు కూడా సెల్‌ఫోన్‌ను, నిఘా కెమెరాను అడ్డంకులుగానే చూడకుండా ఆ ముచ్చటతో చూడండి.

రహస్యం బయటపడే ఘట్టానికి అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించండి. కుజునోహా అనే నక్క మనిషిని పెళ్లాడి బిడ్డను కన్నది. ఆ బిడ్డే తరువాత ప్రసిద్ధ జ్యోతిష్కుడైన అబే నో సేయ్‌మేయ్ అయ్యాడని కథ. ఆమెను ఎవరూ వలపన్ని పట్టుకోలేదు. పూచిన చామంతులను చూస్తూ మైమరచిపోయి ఒక్క క్షణం తన రూపాన్ని మరచిపోయింది, బిడ్డ చూశాడు. వెళ్లిపోతూ కాగితపు తలుపు మీద వీడ్కోలు పద్యం రాసింది. జపాను సంప్రదాయ నాటకమైన కబుకి రంగస్థలం మీద ఈ పాత్ర వేసే నటుడు బిడ్డను చేతిలో పట్టుకుని, కుంచెను ఎడమ చేత్తోనూ, చివరకు నోటితోనూ పట్టుకుని ఆ అక్షరాలు రాస్తాడు. గుట్టు రట్టయ్యేది శత్రువు తెలివి వల్ల కాక, ఆ జీవికి అత్యంత ఇష్టమైన దాని వల్ల కావాలన్న పాఠం ఇందులో ఉంది. మీ పాత్ర దేన్ని చూసి ఒళ్లు మరచిపోతుందో కథ మొదలుపెట్టే ముందే తేల్చుకోండి.

తొమ్మిదో శతాబ్దం మొదట్లో సంకలనమైన నిహోన్ ర్యోయికి అనే కథల సంపుటిలోని నక్క భార్య కథను కూడా తప్పక చదవండి. కుక్క తరమగా ఆమె నక్కగా మారి దొరికిపోతుంది. భర్త ఆమెను తరిమేయడు. మనకు బిడ్డ ఉన్నాడు, నిన్ను మరచిపోలేను, వస్తూ ఉండు అంటాడు. ఆ మాట తరువాత రహస్యం ఇద్దరిదీ అవుతుంది. మన కాలపు కథల్లో ఎక్కువగా లోపిస్తున్నది ఈ రెండో వ్యక్తి. తెలిసి కూడా తెలియనట్లు ఉండే పక్కింటి ముసలమ్మనో, పొరుగువారు అడిగితే మాట మార్చే భర్తనో ముందునుంచే కథలో ఉంచండి. వారు ఎప్పుడు గ్రహించారో పాఠకుడికి వెంటనే చెప్పకండి.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండాలి. ఇజుమో ప్రాంతంలో కొన్ని కుటుంబాలు నక్కలను పెంచి ఇతరుల మీదికి ఉసిగొల్పుతాయన్న నిందకు గురై, పెళ్లి సంబంధాల్లో ఆధునిక కాలంలో కూడా వివక్ష అనుభవించాయి. కథ అవసరం కోసం నక్కలను పెంచుతుందన్న నింద పడిన కుటుంబాన్ని సృష్టించదలిస్తే, నింద మోసినవారి వైపు నుంచి రాయండి, ఏ నిజమైన ఊరికీ ఇంటిపేరుకూ దాన్ని అంటగట్టకండి.