కౌన్సెలర్ హద్దు దాటుతున్నారని అనిపిస్తే

గుంటూరు బ్రాడీపేటలో ఉండే నా స్నేహితురాలు ఒకరోజు తన ఫోన్ నా చేతికిచ్చి "ఇది మామూలేనా?" అని అడిగింది. రాత్రి 11 దాటాక కౌన్సెలర్ పంపిన మెసేజ్: "తిన్నారా? ఈ రోజంతా మీరే గుర్తొస్తున్నారు." దాని కిందే ఇంకోటి: "ఇంట్లో చెప్పకండి, వాళ్లకు అర్థం కాదు."

మామూలు కాదు.

సమస్య ఎలా కనిపిస్తుంది

సెషన్‌లో ఆయన తన కాపురం గొడవలు చెప్పుకుంటారు. ఫీజు వద్దంటారు. క్లినిక్‌లో కాకుండా బయట కలుద్దామంటారు. భుజం మీద చెయ్యి వేస్తారు. అన్నిటికన్నా పెద్ద గుర్తు, ఎవరికీ చెప్పొద్దనడం. మీ విషయాలు గుట్టుగా ఉంచాల్సిన బాధ్యత ఆయనది. ఆయన చేసేది దాచాల్సిన పని మీకు లేదు.

ఎందుకిలా

మన బాధంతా విన్న మనిషి మీద నమ్మకం, ఒక్కోసారి ఇష్టం కూడా కలుగుతుంది. అది సహజం. దాన్ని వాడుకోకుండా ఉండటం కౌన్సెలర్ వృత్తి ధర్మం. "నేనే చనువిచ్చానేమో" అని నా స్నేహితురాలు వారం రోజులు నిద్రపోలేదు. తప్పు ఆమెది కానే కాదు.

ఏం చేయాలి

మెసేజ్‌ల వరకే అయితే ఒకసారి చెప్పి చూడండి: "సార్, అపాయింట్‌మెంట్ కోసం తప్ప మెసేజ్‌లు వద్దండి." మంచి కౌన్సెలర్ వెంటనే సర్దుకుంటారు. కోప్పడినా, అది మీ జబ్బు వల్ల వచ్చిన అనుమానమేనన్నా, ఇక వెళ్లొద్దు.

తాకడం, లైంగికంగా మాట్లాడటం దాకా వస్తే చెప్పి చూడాల్సిన పని లేదు, మానేయండి. చాట్ డిలీట్ చేయకండి. తేదీలు రాసిపెట్టుకోండి. ఆసుపత్రిలో అయితే లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. పదిమంది కన్నా తక్కువ సిబ్బంది ఉన్న క్లినిక్ అయితే జిల్లా స్థానిక కమిటీ ఉంటుంది. పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం ఉద్యోగి కాని మహిళ కూడా ఇవ్వొచ్చు, కానీ సాధారణంగా 3 నెలల్లోపు ఇవ్వాలి. పోలీసులకు 112. పిల్లల విషయమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098; పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం వర్తిస్తుంది.

డాక్టర్ రాసిన మందులు వాడుతుంటే వాటిని మాత్రం ఉన్నట్టుండి ఆపకండి. ఈలోగా మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం.

రెండు నెలలకు నా స్నేహితురాలు విజయవాడలో ఇంకో కౌన్సెలర్ దగ్గరికి వెళ్లింది. మొదటి ప్రశ్న తనే అడిగింది: "మీరు సెషన్ బయట మెసేజ్‌లు చేస్తారా మేడం?"

"టైమ్ మార్చాల్సి వస్తే తప్ప చేయనమ్మా" అన్నారట ఆవిడ.