ఇంట్లో పెద్దవాళ్ళ గొంతు రికార్డు చేసి దాచుకోవడం ఎలా?

పెళ్ళి వీడియోలు ఏ ఇంట్లో చూసినా గంటల కొద్దీ ఉంటాయి. వాటిలో వినిపించేది బ్యాండు మేళం, పైన అతికించిన సినిమా పాటలు. తాతయ్య నోరు కదులుతుంటుంది గానీ ఏమన్నాడో తెలియదు. గొంతు కావాలంటే దానికోసమే విడిగా కూర్చోవాలి. పెద్ద ఖర్చేమీ లేదు, చేతిలో ఉన్న ఫోను చాలు.

1. ముందు ఉన్నవి పోగుచేయండి

వాట్సాప్‌లో అమ్మ పంపిన వాయిస్ మెసేజులు ఇప్పటికే మీ దగ్గర ఉండి ఉంటాయి. "బస్సెక్కావా? దిగగానే ఫోన్ చెయ్" లాంటివి. వాటిని చులకనగా చూడకండి, మనిషి అసలు గొంతు అక్కడే ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫైల్ మేనేజర్ తెరిచి వాట్సాప్ ఫోల్డరులో మీడియా, అందులో వాయిస్ నోట్స్ వెతకండి. ఆ ఫోల్డరు మొత్తాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. ఐఫోన్‌లో ఒక్కో మెసేజును నొక్కి పట్టి, షేర్ ద్వారా ఫైల్స్‌లో దాచాలి. ఓపస్ రకం ఫైళ్ళు మామూలు ప్లేయర్‌లో పలకకపోతే వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో పలుకుతాయి. ఈ పని అయ్యేదాకా పాత ఫోనును ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వకండి.

తర్వాత అటక మీద చూడండి. గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళున్న ఇళ్ళలో ఉత్తరాలకు బదులు మాటలు నింపి పంపుకున్న క్యాసెట్లు ఇంకా దొరకవచ్చు. దొరికిన వెంటనే క్యాసెట్ పైఅంచున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి. ఇక పొరపాటున దానిమీద ఇంకేదీ రికార్డు కాదు. టేపుకు తెల్లగా బూజు పట్టి ఉంటే ఇంట్లో వేయకండి, తెలిసినవాళ్ళకు ఇవ్వండి. బాగుంటే ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పండి. టేప్ రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కు (బయటి ధ్వనిని లోపలికి తీసుకునే రంధ్రానికి) వైరు కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసుకోవచ్చు. లైన్-ఇన్ లేని ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ కావాలి. గంట క్యాసెట్‌కు గంట పడుతుంది, దగ్గరిదారి లేదు.

2. చోటు, సమయం చూసుకోండి

గొంతును పాడుచేసేది ఫోను కాదు, గది. ఖాళీ గోడల హాల్లో మాట మోగుతుంది. పరుపు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న పడకగది మేలు. ఫ్యాను ఆపితే చాలా తేడా వస్తుంది గానీ, మే నెలలో పెద్దవాళ్ళను ఫ్యాను లేకుండా కూర్చోబెట్టడం పాపం. పొద్దున్నే, కాఫీ తాగాక కూర్చోండి. అప్పుడు వాళ్ళకూ ఓపిక ఉంటుంది.

ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా, మడిచిన తువ్వాలు మీద ఉంచండి. ఎదురుగా పెడితే 'ప', 'ఫ' పలికినప్పుడు ఊపిరి కొట్టి డబడబమంటుంది. కాలర్ మైక్ ఉంటే ఇంకా మంచిది. రికార్డింగ్ యాప్‌లో వేవ్ గానీ లాస్‌లెస్ గానీ (ధ్వనిలో ఏమీ పోగొట్టని ఫైలు రకాలు) ఎంచుకోండి. మోనో (ఒకే చానెల్) వేవ్ గంటకు సుమారు 320 ఎంబీ తీసుకుంటుంది, ఈరోజుల్లో అదేమంత పెద్ద లెక్క కాదు. నొక్కగానే తేదీ, ఊరు, ఎవరెవరు ఉన్నారో మీ నోటితోనే చెప్పండి.

ఫోను కనిపించకుండా దాచి రికార్డు చేయకండి. చెప్పి చేయండి. పది నిమిషాలకు వాళ్ళే దాన్ని మరిచిపోతారు.

3. ఇంటర్వ్యూ చేయకండి

"నీ చిన్నతనం గురించి చెప్పు నాయనమ్మా" అంటే "ఏముంది చెప్పడానికి, అందరిలాగే పెరిగాం" అంటుంది. అక్కడితో కథ కంచికి. పట్టుకోవడానికి వీలుగా అడగాలి. అత్తారింటికి వచ్చిన మర్నాడు ఏం వండావు? చెరువు తూము ఎవరు తీసేవారు? ఊళ్ళోకి కరెంటు వచ్చిన రోజు ఎవరింట్లో మొదట బల్బు వెలిగింది? కృష్ణా తీరం వాళ్ళయితే 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన రాత్రి ఎక్కడున్నారని, గోదావరి ఒడ్డు వాళ్ళయితే 1986 వరదలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని అడగండి. అయితే అలాంటి రాత్రుల్లో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళుంటారు. వాళ్ళు ఆగితే మీరూ ఆగండి.

వంద ఏళ్ళ కిందట గ్రియర్సన్ అనే భాషావేత్త నడిపిన భారతీయ భాషల సర్వే కోసం చేసిన గ్రామఫోన్ రికార్డుల్లో రకరకాల భాషలవాళ్ళ చేత ఒకే బైబిలు కథ చెప్పించారు. భాషలు పోల్చడానికి అది సరే. మనకు కావలసింది మన మనిషి మాట. అందుకే పేపరు చదివించకండి. యాసను సరిచేయకండి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో, పత్తితో వత్తులు చేస్తూనో ఉన్నప్పుడు మాట్లాడించండి. చేతులకు పని ఉంటే నోరు తనంతట తానే విచ్చుకుంటుంది. అక్కచెల్లెళ్ళను పక్కపక్కన కూర్చోబెడితే ఇంకా మంచిది: "అది 'చవితి' కాదే, దసరా!" అంటూ ఒకరినొకరు దిద్దుకుంటారు, మీరు అడగాల్సిన పనే ఉండదు.

రికార్డు చేసేవాళ్ళు నోరు మెదపకూడదని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. మనవాళ్ళకు ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ సాగదు. మెల్లగా ఊ కొట్టండి, మాటకు అడ్డం మాత్రం రాకండి.

కథలతో పాటు చిన్న చిన్నవి కొన్ని తప్పకుండా పట్టుకోండి: పిల్లలందరినీ ముద్దుపేర్లతో పిలవడం, జోలపాట, మంగళహారతి, ఫోనెత్తగానే అనే మొదటి మాట, తిట్లు కూడా. పార్కిన్‌సన్స్ ఉన్నవాళ్ళ గొంతు రానురాను సన్నబడుతుంది. స్వరపేటిక తీసేసే ఆపరేషన్ అనుకున్నవాళ్ళకు అసలు వ్యవధి ఉండదు. ఈ రెండు సందర్భాల్లో మంచి గది కోసం చూడకండి, ఆసుపత్రి మంచం దగ్గరైనా సరే మొదలుపెట్టండి.

4. దాచడం

ఫైలు పేరులో తేదీ, మనిషి, విషయం రాయండి. 'న్యూ రికార్డింగ్ 14' అంటే పదేళ్ళ తర్వాత మీకే తెలియదు. మాటల్లో వచ్చిన మనుషులు, ఊళ్ళు, మీకు అర్థంకాని పదాలు పక్కన ఒక కాగితంలో రాసుకోండి. అర్థాలు చెప్పేవాళ్ళు ఉండగానే అడిగేయండి.

మూడు కాపీలు ఉండాలి: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి హార్డ్ డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లోనో వేరే ఊళ్ళో ఉన్న తమ్ముడి ఇంట్లోనో. పెన్‌డ్రైవ్‌ను నమ్ముకుని ఏళ్ళ తరబడి సొరుగులో పడేయకండి. క్లౌడ్ పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి. అమెరికాలో ఉన్న మనవలకు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. అసలు ఫైలును మాత్రం ఎప్పుడూ ఎంపీ3గా మార్చి చెరిపేయకండి.

పొలం తగాదాలు, తోడికోడళ్ళ గొడవలు వచ్చిన ఫైళ్ళు ఫ్యామిలీ గ్రూపులో వేయకుండా విడిగా పెట్టుకోండి. గొంతును నకలు చేసి డబ్బు అడిగే మోసాలు జరుగుతున్నాయి కాబట్టి, అందరికీ కనబడేచోట అసలే పెట్టొద్దు.

ఏటా ఉగాదికి కొన్ని ఫైళ్ళు తెరిచి వినండి. ఏదైనా తెరుచుకోకపోతే రెండో కాపీ నుంచి ఆరోజే కొత్తది చేసుకోండి.